కొట్టేసిన కేసును మళ్ళీ నడిపించాలంటే: రీస్టోరా, రీఓపెనా, కొత్త దావానా?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. 2022 జూన్‌లో తెలిసినవాళ్ళకు ప్రోనోటు మీద అప్పిచ్చాను. డబ్బు తిరిగి రాకపోవడంతో 2024లో సిటీ సివిల్ కోర్టులో దావా వేశాను. ఈమధ్య నాన్నగారికి ఆపరేషనై ఊళ్ళోనే ఉండిపోయాను. వాయిదాకు మా లాయరుగారు కూడా వెళ్ళలేదట. కేసు కొట్టేశారని రెండు నెలలకు తెలిసింది. ఒకరు రీఓపెన్ చేయించమంటారు, ఒకరు రీస్టోర్ అంటారు, మా బావగారేమో కొత్తగా వేసెయ్యమంటారు. ఈ మూడూ ఒకటేనా?

జవాబు: కావమ్మా. పొరపాటున వేరే దారి పట్టారంటే ఉన్న గడువు కూడా పోతుంది.

రీఓపెన్ పిటిషన్ బతికున్న కేసులో వేసేది. సాక్ష్యం ముగిసిందని కోర్టు రాసుకున్నాక, ఇంకో సాక్షిని పిలవాలన్నా, ఒక కాగితం దాఖలు చేయాలన్నా అది వేస్తారు. మీ కేసే లేకుండా పోయింది కాబట్టి మీకది పనికిరాదు.

కొత్త దావా సంగతి. వాయిదా రోజు ప్రతివాది హాజరై మీరు రాకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9, రూల్ 8 కింద కొట్టేస్తారు. అప్పుడు అదే బాకీ మీద కొత్త దావా వేయడానికి రూల్ 9 ఒప్పుకోదు. ఇద్దరూ రాకపోతే రూల్ 3 కింద కొట్టేస్తారు. అలాంటప్పుడు వేయవచ్చు గానీ, గడువు మిగిలి ఉండాలి. అడిగినప్పుడు చెల్లించే ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ళే. మీ నోటుకు 2025 జూన్‌తోనే అయిపోయింది. ఆ లోపల బాకీదారు నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టి ఉంటే తప్ప ఆ దారీ మూసుకున్నట్టే. పైగా కోర్టు ఫీజు మళ్ళీ మొత్తం కట్టాలి. బావగారి మాట మీ మేలు కోరి అన్నదే, కానీ వినకండి.

మీకు కావలసింది రీస్టోరేషన్, అంటే కొట్టేసిన ఆ దావానే మళ్ళీ నడిపించమని అదే కోర్టును అడగడం. కొట్టేసిన రోజు నుంచి 30 రోజుల్లో అడగాలి. మీకు ఆ గడువు దాటింది కనుక, ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఇంకో పిటిషన్ జతచేయాలి. ముందుగా ఆర్డర్ షీట్ (ప్రతి వాయిదాకు ఏం జరిగిందో కోర్టు రాసుకునే కాగితం) సర్టిఫైడ్ కాపీ తీయించండి. ఏ రూల్ కింద కొట్టేశారో, ఆ రోజు ఎవరు హాజరయ్యారో అందులోనే తెలుస్తుంది. ఒకవేళ ఉన్న ఆధారాలు చూసి తీర్పే ఇచ్చి ఉంటే రీస్టోరేషన్ కాదు, అప్పీలు చేయాలి.

కేసు నిలిచేది పిటిషన్‌తో ఇచ్చే అఫిడవిట్ (ప్రమాణపత్రం) మీద. "ఇంట్లో ఆరోగ్య సమస్యల వల్ల రాలేకపోయాను" అని ఒక్క ముక్కతో సరిపెట్టనివ్వకండి. నాన్నగారు ఆస్పత్రిలో చేరిన తేదీ, ఆపరేషన్ తేదీ, డిశ్చార్జ్ తేదీ, మీకు విషయం తెలిసిన రోజు, అన్నీ వరుసగా రాయించి డిశ్చార్జ్ సమ్మరీ జతచేయండి. వాయిదా తేదీ ఆ రోజుల్లో పడితే సగం బరువు దిగినట్టే. అఫిడవిట్ కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. తెలుగులో చదివించుకుని అర్థమయ్యాకే సంతకం పెట్టండి. రేపు క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నించేటప్పుడు, అడిగితే చెప్పాల్సింది మీరే.

లాయరుగారి మీద కోపం సహజమే. అయినా ఇప్పుడు గొడవ పడకండి. తాను ఎందుకు రాలేకపోయారో ఆయనా ఒక అఫిడవిట్ ఇస్తే మీకు చాలా బలం. వకీలు తప్పుకు అమాయకుడైన కక్షిదారు నష్టపోకూడదని రఫీక్ కేసులో సుప్రీంకోర్టు 1981లోనే చెప్పింది. అయితే ఆ తీర్పు ఉంది కదా అని నిశ్చింతగా కూర్చోకండి. మీరు కేసు గురించి కనుక్కుంటూనే ఉన్నారని చూపించే మెసేజ్‌లు ఉంటే దాచుకోండి.

పిటిషన్ వేశాక అవతలివాళ్ళకు నోటీసు వెళ్తుంది. కోర్టు ఒప్పుకుంటే వాళ్ళకు కొంత ఖర్చులు ఇవ్వమనవచ్చు. చెప్పిన తేదీలోపల కట్టేయండి. దావా ఆగిన దశ నుంచే నడుస్తుంది. ఒప్పుకోకపోతే, రూల్ 8 కింద కొట్టేసిన దావా అయితే ఆ ఉత్తర్వుపై హైకోర్టులో అప్పీలు ఉంది.

ఇదే బాకీకి చెక్ బౌన్స్ కేసు కూడా వేసి ఉంటే వెంటనే దాని వాయిదా చూసుకోండి. ఫిర్యాదీ రాలేదని అక్కడ ముద్దాయిని విడుదల చేస్తే, అదే మేజిస్ట్రేట్ దాన్ని రీస్టోర్ చేయలేరు. ఈకోర్ట్స్ యాప్‌లో మీ సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) కొడితే తర్వాతి తేదీ మీ ఫోన్లోనే కనబడుతుంది.