ఇంటికొచ్చిన వాళ్లకి మంచి స్టీరియో వినిపించాలంటే ఏ రికార్డింగ్ పెట్టాలి?

నేనైతే ముందు ఇళయరాజా 1986 ఆల్బమ్ ‘హౌ టు నేమ్ ఇట్?’ పెడతాను. పాటల్లేవు, అంతా వాద్యాలే. త్యాగరాజునీ జర్మన్ స్వరకర్త బాఖ్‌నీ తలుచుకుంటూ చేసిన ఆ సంగీతంలో వయొలిన్లు ఒక్కొక్కటిగా విడివిడిగా వినిపిస్తే సిస్టమ్ మంచిదే. అన్నీ కలిసి ముద్దగా వస్తే స్పీకర్లు కాస్త జరిపి చూడండి.

బేస్, అంటే లోతైన శబ్దాల కోసం, అమెరికన్ రాక్ బృందం ఈగిల్స్ వాళ్ల 1994 నాటి ‘హోటల్ కాలిఫోర్నియా’ లైవ్ రికార్డింగ్. గిటార్ల తర్వాత పడే డ్రమ్ దెబ్బ గుండెకి తగలాలి. చెన్నైలో మా వేళచ్చేరి ఫ్లాటులో మాత్రం అది కింది ఇంటి మామికి ముందు తగిలింది, కాబట్టి రాత్రి తొమ్మిది దాటాక వద్దు.

చాలామంది ఘంటసాల పాటలు ఇందుకు పనికిరావంటారు. నేనొప్పుకోను. అవి చాలావరకు మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. సరిగ్గా అమర్చి ఉంటే గొంతు రెండింటి మధ్య గాల్లో నిలబడుతుంది. పక్కకి లాగిందంటే అమరికలోనో గదిలోనో తేడా ఉన్నట్టే. టైల్స్ నేలైతే ఒక జంపఖానా పరవండి, చాలా మారుతుంది.

ఏదైనా సీడీలోంచే వినిపించండి. అందులో సెకనుకి 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది, పాత ఎంపీ3 ఫైళ్లలో తరచూ 128 మాత్రమే.