జీతం ఎవరిచ్చారో చూడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి పూర్తిగా చదివాను. హైదరాబాదు నిజాములకూ ఈస్టిండియా కంపెనీకీ నడుమ సాగిన మైత్రిని కథావస్తువుగా ఎంచుకున్నందుకు సంతోషించాను. నీ వాక్యంలో పట్టు ఉంది, సంభాషణల్లో జీవం ఉంది. అయితే నీ నిజాం అలీ ఖాన్ మొదటి పుట నుంచీ పిరికివాడు, అతని కొలువులో కంపెనీ ప్రతినిధి అయిన నీ రెసిడెంటు మొదటి పుట నుంచీ కుట్రదారు. ఇద్దరినీ అలా ముందే తేల్చేశాక కథలో జరగవలసింది ఏమీ మిగలదు. పెద్ద సామ్రాజ్యం ఒక చిన్న రాజ్యాన్ని తన యుద్ధాల్లోకి ఎలా దింపుతుందో చెప్పాలంటే, ఆ మైత్రి ఆ చిన్న రాజ్యానికి ఎందుకు అవసరమనిపించిందో ముందుగా పాఠకుడి మనసుకు తెలియాలి.

అందుకే కథను 1798 ఒడంబడికతో కాక, 1795 మార్చిలో ఖర్దా యుద్ధభూమిలో మొదలుపెట్టమంటాను. అక్కడ మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయాడు. హైదరాబాదులో అప్పటికే కంపెనీ పటాలాలు రెండు ఉన్నా, గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోవడంతో అవి ఆ యుద్ధంలోకి దిగలేదు. భూమీ ధనమూ ఇస్తానని ఒప్పుకుని, తన మంత్రి అజీమ్ ఉల్ ఉమ్రాను పూనాకు బందీగా పంపి నిజాం బయటపడవలసి వచ్చింది. పశ్చిమాన మరాఠాలు, దక్షిణాన టిప్పు, సొంత కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని చేతికింద దాదాపు 14,000 మంది సైన్యం ఉన్న ఆ రోజుల్లో, అరవై దాటిన ఆ పాలకుడు ఇంగ్లీషువాళ్లను రాబోయే యజమానులుగా చూడలేదు. తన చుట్టూ ఉన్న నాలుగైదు బలాల్లో ఒకటిగానే చూశాడు. 1767లో హైదర్ అలీతో కలిసి కంపెనీ మీద కత్తి దూసి, మరుసటి ఏడాదే కంపెనీతో సంధి చేసుకున్నవాడు అతను. ఒకరిని అడ్డం పెట్టుకుని మరొకరిని నిలువరించడం అతనికి కొట్టినపిండి. ఆ విద్య ఇక పనిచేయని రోజు ఎప్పుడు వచ్చిందన్నదే నీ నవలకు గుండెకాయ.

దాన్ని పట్టుకోవాలంటే సైనికుడి జీతం వెంట నడువు. 1798 సెప్టెంబరు 1న కుదిరిన సైన్య సహకార ఒడంబడిక ప్రకారం హైదరాబాదులో ఆరు కంపెనీ పటాలాలు ఉండాలి, వాటి కోసం నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి, ఫ్రెంచి సేనను రద్దు చేయాలి. ఆ ఆరు పటాలాల మీద ఆజ్ఞ కంపెనీది, వాటి ఖర్చు నిజాముది. నువ్వు ఈ ఘట్టాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. నాకైతే ఇక్కడ ఒక పూర్తి ప్రకరణం కనబడుతున్నది. ఆ అక్టోబరులో ఫ్రెంచి దళాన్ని రద్దు చేస్తున్నట్టు తెలియగానే సిపాయిలు జీతాల బకాయిల కోసం తిరగబడి, తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. నచ్చజెప్పబోయిన రెసిడెంటు సహాయకుడు జాన్ మాల్కంను సైతం చుట్టుముట్టారు. అక్టోబరు 22న కంపెనీ దళాలు ఫిరంగులతో శిబిరాన్ని ముట్టడించి, బకాయిలు చెల్లిస్తామని మాట ఇచ్చాకే వాళ్లు ఆయుధాలు కింద పెట్టారు. రక్తం చిందలేదు. ఫ్రెంచి విప్లవమూ కొత్త గవర్నర్ జనరల్ వెల్లెస్లీ వ్యూహమూ ఆ సిపాయిల తలల మీదుగా సాగిపోయాయి. వాళ్లు అడిగింది తాము చేసిన నౌకరీకి రావలసిన జీతం. ఆ శిబిరంలో ఒక సిపాయిని పాత్రగా నిలబెట్టు. అతని చేత ఉపన్యాసం చెప్పించవద్దు.

1799లో శ్రీరంగపట్నం ముట్టడికి నిజాం సైన్యం కంపెనీ సేనలతో కలిసి కదిలింది. గవర్నర్ జనరల్ తమ్ముడు ఆర్థర్ వెల్లెస్లీ 33వ రెజిమెంటును నిజాం సైన్యానికే జతచేశారు. మే 4న టిప్పు మరణించాడు. ముట్టడిని నువ్వు బాగానే రాశావు గనుక దాని గురించి ఎక్కువ చెప్పను. నువ్వు వదిలేసింది ఆ తరువాతి ఏడాదిని. 1792లోనూ 1799లోనూ టిప్పు రాజ్యం నుంచి తన వాటాకు వచ్చిన భూభాగాలను నిజాం 1800 అక్టోబరులో కంపెనీకి వదులుకున్నాడు. సహాయక సేనకు మరో రెండు పటాలాలు చేరాయి. మొత్తం సేన ఖర్చుకు ఏటా కట్టే నగదు స్థానంలో ఆ భూములే కంపెనీ చేతికి వెళ్లాయి. మిత్రుడిగా పోరాడి సంపాదించినది మిత్రుడి సైన్యాన్ని పోషించడానికే సరిపోయిందన్నమాట. బళ్లారి, అనంతపురం, కడప సీమలు దత్త మండలాలైనది ఈ లెక్కలోనే. గుత్తి ప్రాంతపు రైతును ఊహించు: 1799 మొదట్లో అతను టిప్పు ప్రజ, ఏడాది చివరికి నిజాం ప్రజ, మరుసటి ఏడాది ముగిసేలోగా కంపెనీ ప్రజ. శిస్తు అడగవచ్చిన మనిషి మారినప్పుడల్లా ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో రాయగలిగితే ముట్టడి వర్ణన కంటే అది గొప్ప పుట అవుతుంది. ఆ వెనకే ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వస్తాడు, పాలెగాళ్ల అణచివేత వస్తుంది. హైదరాబాదు కొలువులో చేసిన ఒక సంతకం రాయలసీమ పల్లె దాకా ఎలా నడిచి వచ్చిందో చూపించడం తెలుగు రచయితగా నీ బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

తరువాతి యాభై ఏళ్లను నువ్వు క్లుప్తంగా చెప్పడం సబబే. ఒక్క దారం మాత్రం తెగనివ్వకు. రెసిడెంటు హెన్రీ రస్సెల్ హయాంలో ఇంగ్లీషు అధికారుల కింద తయారైన దళం 1817లో మహిద్‌పూర్ యుద్ధంలో పాల్గొని, క్రమంగా హైదరాబాదు కంటింజెంటుగా పెరిగింది. శాంతికాలంలో దాన్ని పోషించాలని ఏ ఒడంబడికా నిజామును బలవంతపెట్టలేదు. అయినా దాని జీతాల బకాయిల పేరు మీదనే 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ నేటి మహారాష్ట్రలోని బేరారును, రాయచూరు అంతర్వేదిని, ధారాశివ్‌ను కంపెనీ అధీనంలోకి తీసుకున్నాడు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. మరుసటి ఏడాది కంటింజెంటు దళాలు బ్రిటిష్ సేనాని హ్యూ రోజ్ కింద మధ్య భారతంలో తిరుగుబాటుదార్లతో పోరాడాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏది అసలైన హైదరాబాదో తేల్చే పని పాఠకుడికి వదిలెయ్యి.

చివరి ప్రకరణంలో ఒక తప్పు దిద్దుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా మీదికి గుర్రాలు దూకించినది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. హైదరాబాదు లాన్సర్లు అదే బ్రిగేడులో ఉన్నా ఆ దాడి చేసినవాళ్లు కారు. ఢిల్లీ తీన్ మూర్తి స్మారకంలో మూడు సంస్థానాల సైనికులూ కలిసి నిలబడి ఉండటం చూసి, ఆ దాడి ముగ్గురూ చేశారనే చాలామంది అనుకుంటారు. ఆ ఏడాదే ఉస్మాన్ అలీ ఖాన్‌కు బ్రిటిష్ ప్రభుత్వం ‘విశ్వాసపాత్ర మిత్రుడు’ అనే బిరుదు ఇచ్చింది. బేరారు తిరిగి ఇమ్మని ఆయన అడిగినప్పుడు, 1926లో వైస్రాయి రీడింగ్ ఇచ్చిన జవాబు వేరుగా ఉంది: భారతదేశంలో బ్రిటిష్ అధికారం సర్వోన్నతమైనది, ఏ సంస్థానాధీశుడూ ఆ ప్రభుత్వంతో సమాన హోదాలో చర్చలు జరిపే హక్కు కోరజాలడు. నవల ఈ ఉత్తరం దాకా రావాలి. ఉస్మాన్ అలీ దాన్ని చదివేటప్పుడు నువ్వు అతన్ని ఎగతాళి చేయవద్దు. అతని కళ్లతోనే ఆ వాక్యాన్ని చదివించు.

ఇంకొకటి. 1798 మంతనాలను కోఠీలోని రెసిడెన్సీ భవనపు స్తంభాల నీడలో జరిపించావు. అప్పటికి ఆ భవనం లేదు; కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉండగా ఆ తరువాతి ఏళ్లలో కట్టించాడు, ఖర్చు నిజాం ఖజానా భరించింది. ఆ వర్ణనను దత్త మండలాల ప్రకరణం తరువాతికి మార్చి, ఖర్చు సంగతి కూడా అక్కడే చెప్పు. సవరించిన ప్రతిలో ముందుగా ఖర్దా ప్రకరణం పంపించు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి