పదును కొలిమిది, వాడి సానది

ప్రశ్న: మా ఊరి కమ్మరి గొడ్డళ్లు, ఉలులు, బాడిసలు చేత్తో చేసే తీరును వీడియో తీస్తున్నాను. కింద తెలుగులో వివరణ రాయాలి. కాల్చిన గొడ్డలిని నీళ్లలో ముంచడాన్ని 'కఠినీకరణ' అనీ, మళ్లీ కాస్త వేడి ఎక్కనివ్వడాన్ని 'మృదూకరణ' అనీ, చివర రాతి మీద అరగదీయడాన్ని 'పదును పెట్టడం' అనీ రాశాను. అది చదివి వినిపిస్తే ఆయన నవ్వి, "పదును ఎప్పుడో పెట్టిన, ఇప్పుడు పట్టేది సాన" అన్నాడు. ఏది సరైనది? పదును అంటే తడి కాబట్టి, నీళ్లలో ముంచడం వల్లే ఆ పేరు వచ్చిందని మా తెలుగు మాస్టారు అంటున్నారు. నిజమేనా? గొడ్డలికి ఉండేది పిడా, కామా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా

జవాబు: ఆయన నవ్వక ఏం చేస్తాడు చెప్పండి. గొడ్డలి చేసేవాడి ఎదురుగా నిలబడి, ఆయన నోట్లో ఉన్న మాట అడగకుండా 'కఠినీకరణ'ను ఎక్కడి నుంచో మోసుకొచ్చారు. సంస్కృతం మీద నాకేమీ కోపం లేదు. కానీ ఈ మాట ఆయనకు తెలియదు, మీ వీడియో చూసేవాళ్లకు తెలియదు, ఆరు నెలలు పోతే మీకూ గుర్తుండదు. 1962లో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయం మీద వచ్చింది. అందులోని మాటలు పనిచేసేవాళ్ల నోటి నుంచి ఏరుకున్నవి. మీ చేతిలో కెమెరా ఉంది, మాట్లాడే కమ్మరి ఎదురుగా ఉన్నాడు. ఇంకేం కావాలి?

ఇక పదును. ఈ మాట గురించి ఎవరైనా ఎప్పుడు అడుగుతారా అని చూస్తున్నాను, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

మీ మాస్టారు చెప్పినదానికి ఆధారం లేకపోలేదు. రైతు నోట పదును అంటే తడే. "ఒక పదును వాన పడింది", "పదును ఆరకముందే విత్తనం వేయాలి" అంటారు. అక్కడ తడి, ఇక్కడ నీళ్ల తొట్టి. రెంటినీ కలిపేస్తే వ్యుత్పత్తి తేలిగ్గా వచ్చేస్తుంది. తేలిగ్గా వచ్చే వ్యుత్పత్తులంటేనే నాకు అనుమానం. మడి నిండా నీళ్లు నిలిచి ఉంటే ఏ రైతూ "పదును బాగుంది" అనడు. తడి ఎక్కువైనా పదును లేనట్టే, తక్కువైనా లేనట్టే. నాగలి దిగడానికి, మొలక లేవడానికి ఎంత కావాలో అంత ఉంటేనే పదును. "అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అన్నారు. అదును కాలానికి సంబంధించింది, పదును వస్తువు ఉన్న స్థితికి సంబంధించింది.

తోలు సంగతి చూడండి. పచ్చితోలును చెప్పులకు పనికొచ్చేలా చేయడాన్ని 'పదును చేయడం' అంటాం. కన్నడంలో అదే పనికి 'హద మాడు' అంటారు. మన పకారం అక్కడ చాలా మాటల్లో హకారమైందని తెలిసిందే, పాలు హాలైనట్టు. తమిళంలో 'పతనిడు' అంటారు. మూడు భాషల్లో ఒకే పనికి ఒకే ధాతువు నిలబడిందంటే అది యాదృచ్ఛికం కాదు. తమిళులు ఇంకా ముందుకు పోయి అన్నానికీ ఈ మాట వాడతారు. కుండెడు అన్నానికి ఒక్క మెతుకే 'పదం' అని వాళ్ల సామెత. ఒక్క మెతుకు పట్టి చూస్తే కుండంతా ఉడికిందో లేదో తెలుస్తుందని అర్థం. బెల్లం పాకం తీగ సాగే దశను 'కంబి పదం' అంటారు. మెతుకులోనూ పాకంలోనూ చూసేది తడి కాదు, ఉడుకు. తోలులో చూసేది మెత్తదనం. వీటన్నిటిలో ఉమ్మడిగా మిగిలేది ఒక్కటే: వస్తువు తన పనికి సరిగ్గా సిద్ధమైన స్థితి. పదునుకు అదే మూలార్థమని నా నమ్మకం. తమిళ 'పదం' సంస్కృత పదశబ్దంతో కలిసిపోయిందేమో అనే చిక్కు ఒకటి ఉంది. నాకు అదంత బలంగా కనిపించదు, కానీ కొట్టిపారేయను.

నీళ్లకూ ఉక్కుకూ సంబంధమే లేదనడం లేదు సుమా. మన కమ్మర్లలో 'నీరు పెట్టడం' అనేవాళ్లున్నారు. హిందీలో 'పానీ' అంటారు, పారసీలో 'ఆబ్' అంటారు. ప్రాచీన జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు బృహత్సంహితలో కత్తులకు ద్రవాలు పట్టించడానికి 'శస్త్రపానం' అని పేరే పెట్టి, గుర్రం పాలు, ఒంటె పాలు, ఏనుగు పాలు అంటూ పెద్ద జాబితా ఇచ్చాడు. కాబట్టి ఉక్కుకు నీళ్లు తాగించడమన్నది పాత ఊహే. కానీ ఆ ఊహను చెప్పే మాట నీరు. పదును దాని తరువాతి మెట్టు.

ఎలాగంటారా? మీ వీడియోనే మళ్లీ వేసి చూడండి. గొడ్డలి అంచు చెర్రీపండు రంగుకు వచ్చేదాకా కొలిమిలో ఉంచుతాడు. ఆ వేడిలో ఉక్కుకు అయస్కాంతం అంటుకోదు. 770 డిగ్రీలు దాటితే ఇనుముకు ఆ గుణం పోతుంది. పట్టకారుతో తీసి, అంచు వరకే రెండు వేళ్ల మేర నీళ్లలో ముంచుతాడు. ఇప్పుడు ఆ అంచు గట్టిదే, కానీ గాజులా పెళుసు. అలాగే వాడితే మొదటి దెబ్బకే పెచ్చు లేచిపోతుంది. అందుకే వెంటనే పైకి తీసి, ఒక రాతిముక్కతో అంచును గబగబా రుద్దుతాడు. నల్లటి పొర పోయి తెల్లటి లోహం కనపడుతుంది. వెనక భాగంలో మిగిలిన వేడి మెల్లగా అంచువైపు పాకుతుంటే, ఆ తెలుపు మీద రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత ఊదా, చివరికి నీలం. గడ్డి రంగు 220 డిగ్రీల ప్రాంతంలో వస్తుంది, నీలం 300 దగ్గర. చెక్కను సన్నగా చీరాల్సిన ఉలి అయితే గడ్డి, గోధుమ రంగుల మధ్యే నీళ్లలో పడేస్తాడు. మొద్దు మీద దెబ్బ తినాల్సిన గొడ్డలికి ఊదా రంగు అంచుదాకా రానిస్తాడు. ఒక్క క్షణం ముందైతే పెళుసు, ఒక్క క్షణం ఆలస్యమైతే మెతక. ఆ క్షణాన్ని పట్టుకోవడమే పదును. మీరు దాన్ని 'మృదూకరణ' అన్నారు! అక్కడ మెత్తబరచడం సగమే, ఎక్కడ ఆపాలో తెలియడం మిగతా సగం. ఆ రెండో సగం మీ మాటలో లేదు, కమ్మరి మాటలో ఉంది.

ఇంకొక సంగతి. మామూలు మెత్తటి ఇనుమును ఎంత కాల్చి ముంచినా పదును ఎక్కదు. కర్బనం సరిపడా ఉన్న ఉక్కే దానికి లొంగుతుంది. అందుకే పాతరోజుల్లో గొడ్డలి ఒళ్లంతా ఇనుము, అంచుకు మాత్రమే ఉక్కు. ఇనుప పట్టీని మధ్యకు మడిచి, కామ దూరే సందు వదిలి, రెండు పెదాల నడుమ ఉక్కు నాలుక పెట్టి, వెలిగారమో ఇసుకో చల్లి, తెల్లగా కాచి సమ్మెటతో అతికేవారు. ఉక్కు అప్పుడు ఖరీదు మరి. మీ జిల్లాలోని కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవారు. ఆ ఊరున్న మండలం పేరే కమ్మర్‌పల్లి, చూశారా! ఇప్పుడు లారీ కమాన్ పట్టీ ఒకటి కొనుక్కుంటే మొత్తం గొడ్డలి అందులోనే వస్తుంది. అందులో కర్బనం అర శాతం పైచిలుకు ఉంటుంది కాబట్టి ఒళ్లంతా ఉక్కే, అతుకు పనే లేదు.

అతుకు అనగానే వేమన గుర్తొస్తాడు. ఇది మీరు అడగలేదు. అయినా చెప్పకుండా ఉండలేను.

ఇనుము విఱిగెనేని యినుమాఱు ముమ్మాఱు
కాచి యతుకనేర్చు కమ్మరీఁడు
మనసు విఱిగెనేని మఱి యంట నేర్చునా
విశ్వదాభిరామ వినురవేమ

ఈ పద్యం అందరికీ వచ్చు. అందరూ మూడో పాదం కోసమే చదువుతారు. విరిగిన మనసుల మీద ఉపన్యాసాలు చెప్పి, పాపం కమ్మరిని గుమ్మం బయటే నిలబెడతారు. నాకు మొదటి రెండు పాదాలే ఎక్కువ ఇష్టం. 'కాల్చి' అనలేదు, 'కాచి' అన్నాడు. కాల్చితే వస్తువు కాలిపోవచ్చు. కాచడంలో కొలత ఉంటుంది, పాలు కాస్తాం, నెయ్యి కాస్తాం. అతుకు వేసేటప్పుడు వేడి ఒక గీత దాటితే నిప్పురవ్వలు చిమ్మి లోహం మాడిపోతుంది, ఒక గీత తగ్గితే అంటదు. ఆ తేడా ఎరిగినవాడే అక్కడ 'కాచి' అంటాడు. 'కాల్చి' వేసినా అక్కడ గణానికి గాని యతికి గాని ఇబ్బంది లేదు, కాబట్టి ఛందస్సు కోసం పడిన మాట అనడానికి వీల్లేదు. ఇక 'ఇనుమాఱు'. ఇరు, మాఱు కలిస్తే ఇనుమాఱు, ఇనుమడి వచ్చినట్టే. ఇనుము పక్కన ఇనుమాఱు! కొన్ని అచ్చు ప్రతుల్లో దీన్ని 'ఇరుమారు' అని సరిదిద్దారు. సరిదిద్దినవారికి వ్యాకరణం వచ్చు గానీ చెవి లేదు. పైగా ఇనుమాఱు ముమ్మాఱు అన్నది ఊతపదం కాదు. అతుకు ఒక్క వేడికి పూర్తి కాదు, మళ్లీ కొలిమిలో పెట్టి, మళ్లీ కొట్టి, రెండు మూడు కాపులు పడితేనే గట్టిపడుతుంది. వేమన ఏదో ఒక కొలిమి ముందు చాలాసేపు నిలబడి ఉండాలి.

మళ్లీ మీ ప్రశ్నకు వస్తాను. పదును పనిముట్టు లోపలి స్థితి అయితే, అంచు సన్నగా ఉండి తెగే గుణానికి తెలుగులో పేరు లేదా? ఉంది, వాడి. దాన్ని మన పత్రికలు ఏం చేశాయో చూడండి. సభలో 'వాడివేడి చర్చ' జరిగినప్పుడు తప్ప వాడి ఎక్కడా కనపడదు. వేడి తోడు లేకపోతే అది గడప దాటదు. దాని జాగాలో పదును వచ్చి కూర్చుంది. పార్టీలు వ్యూహాలకు పదును పెడతాయి, కోచింగ్ సెంటర్లు మెదళ్లకు పదును పెడతాయి. రోజూ పొద్దున్నే ఇంత పదును చదివినా ఎవరి చెయ్యీ తెగడం లేదు. వాడి పోవడానికి కూడా మంచి మాట ఉంది: మొక్కపోవడం. 'మొక్కవోని దీక్ష' అని రోజూ రాసేవారిలో ఎంతమందికి తెలుసు, అది గొడ్డలి అంచు గురించిన మాటని? వాడి తగ్గని దీక్ష అన్నమాట. చెట్టుమొక్కతో దానికి ఏ చుట్టరికమూ లేదు. తమిళంలో మొండి కత్తిని 'మొక్కై' అంటారు. చెన్నై కుర్రాళ్లు చప్పటి జోకును కూడా 'మొక్కై' అంటున్నారు. మనవాళ్ల కన్నా వాళ్లే నయం, కనీసం అర్థం తెలిసి వాడుతున్నారు.

సాన సంస్కృతంలోని శాణం. తిరిగే రాయికి ఆనిస్తే సాన పట్టడం, రాయి మీద రుద్దితే నూరడం. సాన పెట్టడం, సాన పట్టడం రెండూ ఒప్పే. వజ్రానికి సాన పెడతారు గానీ పదును పెట్టరు, ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంటే చాలు.

అలాగని "పదునైన కత్తి" తప్పని నేను అనను. ఆ అర్థం నిఘంటువుల్లోకి ఎక్కి చాలాకాలమైంది, జనం నోట స్థిరపడింది. కత్తి తెగాలంటే లోపలి పదును కూడా ఉండాలి కాబట్టి ఈ జారుడుకు కారణమూ ఉంది. వంటింటి కత్తిని రాయి మీద రుద్దుతూ "పదును పెడుతున్నా" అనే ఇల్లాలిని దిద్దే సాహసం నాకు లేదు. కానీ మీది కమ్మరి పని గురించిన వీడియో. అక్కడ మాత్రం ఆయన వేరుచేసిన రెంటినీ మీరు కలపకూడదు. ముంచడాన్ని 'నీరు పెట్టడం' అనండి. రంగు చూసి ఆపడాన్ని 'పదునుకు తేవడం' అనండి. రెండూ కలిపి చెప్పాల్సి వస్తే 'పదును పెట్టడం' చాలు. చివరిది సాన. మీ ఊరి కొలిమిలో వీటికి వేరే మాటలుంటే నావి పక్కన పెట్టి అవే రాయండి.

పిడి, కామ గురించి: పిడికిట్లో ఇమిడేది పిడి. కత్తికి, ఉలికి ఉండేది అదే. గొడ్డలికి, పారకు ఉండే పొడుగాటి కర్ర కామ. తమిళంలో కాంబు. గొడ్డలి కామ తన కులానికే చేటని వాళ్లు సామెత కూడా కట్టారు, చెట్టును నరకడానికి చెట్టే సాయపడుతుందని. గొడ్డలి, కుఠారం ఒకదాని నుంచి ఒకటి పుట్టాయా అని అడిగేవారుంటారు. అది పండితుల మధ్య ఇంకా తెగని తగాదా.

వీడియోకు 'పదునైన గొడ్డలి' అని పేరు పెట్టుకుంటే పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. 'కఠినీకరణ' మాత్రం ఇవాళే తీసేయండి.