జీతం ఆగితే కార్డులూ ఆగిపోతాయా?

ప్రశ్న: మాది హన్మకొండ. భర్త లేరు, ఇంట్లోనే బట్టలు కుడతాను. బీఎస్సీ అయిన మా అమ్మాయి ఒక ల్యాబ్‌లో సాయంత్రం పూట బిల్లింగ్ చేస్తుంది, నెలకు 8,000. అది మానేసి ఐసెట్ (ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష) ర్యాంకుతో ఎంసీఏలో చేరతానంటోంది. మానేస్తే ఈఎస్ఐ, రేషన్ కార్డు, నా పెన్షన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏమవుతాయి? జాబ్ చేసుకుంటూ ఆన్‌లైన్‌లో ఏఐ కోర్సు చేస్తే నయం కదా?

జవాబు: అమ్మా, ఐసెట్ ఫలితాలొస్తే చాలు, ఈ ప్రశ్న నాకు ఎవరో ఒకరు వేస్తారు. రేషన్ కార్డుకు పట్టణంలో చూసేది ఏడాది ఆదాయం 2 లక్షల లోపా కాదా అని. పాప మానేస్తే మీ ఆదాయం తగ్గుతుంది. ఆదాయం తగ్గిందని కార్డు తీసేసిన తహసీల్దార్‌ను నేనైతే చూడలేదు. మీ 2,016 రూపాయల ఆసరా పెన్షన్‌కూ ఆ బిల్లింగ్ కౌంటర్‌కూ సంబంధం లేదు.

మీరు అడిగినవాటిలో ఉద్యోగంతో ముడిపడింది ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, ఒక్కటే. అదీ మానేసిన మర్నాడే పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య కట్టిన చందాకు వచ్చే జనవరి నుంచి జూన్ దాకా వైద్యం ఉంటుంది. ఏప్రిల్-సెప్టెంబరు ఆరు నెలల్లో 78 రోజులకు చందా పడి ఉండాలి. ఏప్రిల్ నుంచి పాప జీతంలో ఈఎస్ఐ కోత ఉందేమో పే స్లిప్ చూడండి. ఆ తర్వాత మీకు షుగర్, బీపీ లాంటివి ఉంటే మాత్రలకు బస్తీ దవాఖానా ఉంది, ఎంజీఎం ఆసుపత్రి ఉంది. మాత్రలు ఆరోగ్యశ్రీలో రావు, అది ఆపరేషన్ల లాంటి పెద్ద వైద్యానికి. అందులో పరిమితి ఇప్పుడు 10 లక్షలు.

ఇక ఆ ఏఐ కోర్సు. నా దగ్గరికి వచ్చే పిల్లలు ఫోన్‌లో సర్టిఫికెట్ చూపిస్తారు. కాగితం ఇచ్చి చిన్న ప్రోగ్రాం రాయమంటే పెన్ను తిప్పుతూ కూర్చుంటారు. కొందరికి కోర్సు మరిచిపోయినా ఈఎంఐ మాత్రం నెలనెలా గుర్తు చేస్తూనే ఉంటుంది. ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా రాదు. కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటా సీటు వస్తే, 75 శాతం హాజరు ఉంటే రీయింబర్స్‌మెంట్ వస్తుంది. మేనేజ్‌మెంట్ సీటు జోలికి పోకండి. ఏఐ చెడ్డదని కాదు, ఎంసీఏలో ప్రోగ్రామింగ్, డేటాబేస్ గట్టిపడ్డాక నేర్చుకుంటే రెండింతలు పనికొస్తుంది.

కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుతాను. ఇంత రాశారు, పాప ర్యాంకెంతో ఎక్కడా లేదు. మీ అసలు భయం కార్డుల గురించి కాదు, ఒకటో తారీఖున వచ్చే 8,000 గురించి. ఒంటరిగా ఇల్లు నెట్టుకొచ్చిన మనిషికి ఆ భయం ఉండదా! కానీ ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల పిల్లను ఇంటికి ఇన్సూరెన్స్ పాలసీలా చూడకండి. ఎంసీఏ రెండేళ్లే. పెళ్లిళ్ల సీజన్లో మీ మిషన్ ఖాళీగా ఉండదని మీకూ తెలుసు. ఆదివారాలు రమ్మంటారేమో ల్యాబ్‌లో అడిగి చూడమనండి.

నిజంగా టెన్షన్ పడాల్సింది ఫీజు బకాయిల గురించి. సర్కారు డబ్బు ఆలస్యమైతే కాలేజీలు పిల్లల మీద పడతాయి. 2025లో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. అందుకే ఆప్షన్లు పెట్టేటప్పుడు కాకతీయ యూనివర్సిటీ సీటును పైన పెట్టించండి. ఆదాయం, కులం సర్టిఫికెట్లకు మీసేవలో ఈ వారమే దరఖాస్తు చేయండి. పీఎఫ్ ఉంటే కదపకండి, మానేసిన తేదీ మాత్రం అందులో ఎక్కిందో లేదో పాపను చూసుకోమనండి.