మలుపులో రోడ్డు ఎంత వాలాలి?

ప్రశ్న: జాతీయ రహదారి మలుపుల్లో బయటి అంచు ఎత్తుగా, లోపలి అంచు పల్లంగా ఉంటుంది. ఆ వాలును ఇంకా పెంచితే కార్లు వేగం తగ్గించకుండానే తిరగవచ్చు కదా, ఎందుకు పెంచరు?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: పెంచితే కారుకు మేలే. కానీ ఆ రోడ్డు మీద నడిచేవి కార్లు మాత్రమే కావు.

మలుపు తిరిగే వాహనాన్ని దారిలో నిలిపి ఉంచే బలం రోడ్డు వాలు నుంచి కొంత, టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ నుంచి కొంత వస్తుంది. గంటకు కిలోమీటర్లలో ఉన్న వేగాన్ని వర్గం చేసి, మీటర్లలో ఉన్న వ్యాసార్ధానికి 127 రెట్లతో భాగిస్తే, ఆ రెండూ కలిసి ఎంత ఉండాలో తెలుస్తుంది. 360 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 100 కిలోమీటర్ల వేగానికి అది దాదాపు 0.22. ఘర్షణను లెక్కలోకి తీసుకోకుండా భారమంతా వాలు మీదే వేస్తే 22 శాతం వాలు కావాలి; అంటే 7 మీటర్ల వెడల్పు రోడ్డుకు బయటి అంచును లోపలి అంచు కన్నా సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తున కట్టాలి. అటువంటి చోట వరిగడ్డి ఎత్తుగా వేసుకుని నెమ్మదిగా వచ్చే ట్రాక్టరు లోపలి వైపుకు ప్రమాదకరంగా ఒరుగుతుంది; వానకు తడిసిన రోడ్డు మీద ఆగిన లారీ పల్లం వైపుకు జారే అవకాశమూ ఉంటుంది.

అందుకే మన రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మైదాన ప్రాంతాల్లో వాలును 7 శాతానికి పరిమితం చేసింది; మంచు పడని కొండదారుల్లో మాత్రం 10 శాతం వరకు అనుమతిస్తుంది. ఆ పరిమితిలోనైనా వాలును పూర్తి డిజైన్ వేగానికి, అంటే ఏ వేగం కోసం రోడ్డును రూపొందించారో దానికి కాక, అందులో 75 శాతానికి, ఘర్షణ లేనట్టుగా భావించి లెక్కిస్తారు. అన్ని రకాల బండ్లూ కలిసి నడిచే మన రోడ్లకు ఇది తగిన పద్ధతేనని నా అభిప్రాయం. అలా వచ్చిన విలువ 7 శాతం దాటితే అక్కడే ఆపి, మిగిలిన భారం ఘర్షణ మోయగలదో లేదో పూర్తి వేగంతో సరిచూస్తారు. పై మలుపులో ఘర్షణ గుణకం (టైరుకు రోడ్డు మీద ఎంత పట్టు ఉందో చెప్పే సంఖ్య) 0.149 అవసరమవుతుంది, అనుమతి 0.15 కనుక లెక్క అంచు మీద నిలుస్తుంది. అదే మలుపులో 120తో వెళ్లేవారికి 0.245 కావాలి. పొడి రోడ్డు మీద మంచి టైర్లు అంత పట్టు ఇవ్వగలవు గానీ, మధ్యలో బ్రేకు వేస్తే దానికీ ఆ పట్టులోంచే వాటా పోతుంది.

ఈ వాలు ఒక్కసారిగా రాదు. తిన్నటి రోడ్డుకూ వృత్తాకార మలుపుకూ మధ్య, వంపు క్రమంగా బిగిసే సర్పిలాకార భాగాన్ని కలుపుతారు. వాలు కూడా దాని పొడవునా కొద్దికొద్దిగా పెరుగుతుంది. పై ఉదాహరణలో ఆ భాగం ఇంచుమించు 120 మీటర్లు ఉండాలి. అది లేకపోతే డ్రైవరు స్టీరింగును ఒక్క ఉదుటున తిప్పవలసి వస్తుంది, లేదా తన గీత దాటి పక్క వరుసలోకి పోతాడు.

ప్రశ్న: ఘాట్ రోడ్డు మలుపుల దగ్గర రోడ్డు వెడల్పుగా ఉంటుందెందుకు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: బస్సు మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, లోపలి వైపుకు కోసుకుపోతాయి. అందుకని 40 మీటర్ల లోపు వ్యాసార్ధం ఉన్న మలుపుల్లో రెండు వరుసల రోడ్డుకు ఒకటిన్నర మీటరు అదనపు వెడల్పు ఇస్తారు. కొండల్లో దాన్ని లోపలి వైపే కలపడం మేలు. దారి దాదాపు వెనక్కి తిరిగిపోయే హెయిర్‌పిన్ మలుపుల్లో లోపలి అంచు వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు, డిజైన్ వేగం కనీసం 20 కిలోమీటర్లు ఉండాలి. తిరుమలలో 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగడానికి, 1974లో తెరిచిన రెండో దానిని ఎక్కడానికి వాడుతున్నందున, ఆ మలుపుల్లో ఎదురెదురుగా వచ్చే బస్సులు ఒకదాన్నొకటి తప్పుకోవలసిన అవసరం తప్పింది.