చర్చి గోపురం ఫొటోలో ఎందుకు వాలుతుంది?

ప్రశ్న: మెదక్ చర్చి ముందు నిలబడి ఫొటో తీస్తే గోపురం వెనక్కి వాలినట్లు, పైకి పోయేకొద్దీ సన్నబడినట్లు వస్తోంది. ఐరోపా చర్చిల పాత ఫొటోలలో గోడలు నిట్టనిలువుగా ఉంటాయి. ఆనాటి కెమెరాలు మెరుగైనవా?
– ఒక పాఠకుడు, మెదక్

జవాబు: లోపం మీ కెమెరాలో లేదు. ఆ గోపురం ఎత్తు 175 అడుగులు. దగ్గరగా నిలబడి దాన్ని శిఖరం వరకు పట్టాలంటే కెమెరాను పైకెత్తక తప్పదు. కెమెరాలో బొమ్మను పట్టే పలక, అంటే సెన్సర్, గోడకు సమాంతరంగా ఉన్నంతవరకే నిలువు గీతలు నిలువుగా పడతాయి. అది కాస్త వాలినా ఆ గీతలు పైకి పోయేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. మనం తలెత్తి చూసినప్పుడు గోడ నిలువుగానే ఉందన్న ఎరుక మనకుంటుంది కనుక ఆ వాలును పట్టించుకోము.

మడతల తిత్తి ఉన్న పాత పెద్ద కెమెరాలలో బొమ్మ పడే ప్లేటును (నేటి సెన్సర్ స్థానంలో ఉండేది) నిలువుగానే ఉంచి, లెన్స్ బిగించిన ముందు పలకను మాత్రం పైకి జరిపే వీలుండేది. నేటి షిఫ్ట్ లెన్స్ చేసే పని కూడా అదే. అది లేనివారు వీలైనంత దూరం వెళ్లాలి, లేదా ఎదుటి మేడ ఎక్కాలి. 1892, 1893లలో ఫ్రాన్సులోని రూఆఁ నగరపు కెథెడ్రల్‌ను ముప్పైకి పైగా కాన్వాసులపై చిత్రించడానికి పూనుకున్న ఫ్రెంచి చిత్రకారుడు మోనే, ఎదురుగా ఉన్న భవనాల పైఅంతస్తు గదులలో కూర్చుని పనిచేశాడు. గోపురాల కొసలను చాలా చిత్రాలలో నిస్సంకోచంగా వదిలేశాడు. మీరు కూడా శిఖరం కోసం పట్టుబట్టకుండా ఒక్క ద్వారాన్నో కిటికీనో తీసి చూడండి, ఆ రాతిపని అందం తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో సరిచేయదలిస్తే ఫొటో తీసేటప్పుడే ఇరువైపులా ఖాళీ వదలండి, ఎందుకంటే సరిచేసినప్పుడు అంచులు తెగిపోతాయి. వాలును పూర్తిగా తీసేస్తే పైభాగం బరువెక్కినట్లు కనిపిస్తుంది కాబట్టి, కొద్దిగా ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: చిత్రకారులు తమకు తోచినట్లు మార్చి గీస్తారు కదా, పాత చర్చి చిత్రాలను చరిత్రకు ఆధారంగా ఎలా తీసుకుంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చిత్రంతోపాటు దాని వెనుక ఉన్న రేఖాచిత్రాలను కూడా చూసి తీసుకుంటారు. డచ్ చిత్రకారుడు పీటర్ సాన్‌రెడామ్ (1597–1665) చర్చిల దగ్గరే కూర్చుని గీసుకుని, వాటిపై తేదీ వేసి, కొలతలతో మరో రేఖాచిత్రం సిద్ధం చేసుకుని, కొన్నిసార్లు ఏళ్ల తరువాత రంగుల్లోకి వెళ్లేవాడు. ఉట్రెక్ట్‌లోని మేరీ చర్చిని 1636లో గీసుకుని, దాని ఆధారంగా 1662లో కూడా ఒక చిత్రం వేశాడు. ఆ చర్చిని 19వ శతాబ్దంలో కూల్చివేశారు, అందుకే అతని గీతలు నేడు అమూల్యం. అయితే తుది చిత్రాలలో స్తంభాలను, తోరణాలను అతడు కొంత పొడవు చేసిన సందర్భాలున్నాయి, కనుక పరిశోధకులు రేఖాచిత్రంతో పోల్చి చూస్తారు.

ఫొటోను కూడా ఇలాగే పరీక్షించాలి. 1851లో ఫ్రెంచి ప్రభుత్వ చారిత్రక కట్టడాల సంఘం పురాతన నిర్మాణాలను నమోదు చేయడానికి పంపిన ఐదుగురు ఫొటోగ్రాఫర్లలో ఒకడైన ఎడ్వార్ బాల్దూస్, ఆర్ల్‌లోని సెయింట్ ట్రోఫీమ్ చర్చి వసారాను ఒక్క ఫొటోలో పట్టలేక, అనేక కాగితపు నెగటివ్‌లను అతికించి, అతుకులను కుంచెతో సరిదిద్దాడు. ప్రభుత్వ నమోదు కోసమే తీసిన ఆ ఫొటోలో కూడా కొంత భాగం చేతిపనే.