నార్వే తీరంలో ఓడ ప్రయాణానికి అప్పు చేయవచ్చా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా నిరుడు పదవీ విరమణ చేశాను. కాకినాడలో సొంత ఇల్లు ఉంది, అప్పులు లేవు. పింఛను నెలకు 58,000 రూపాయలు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 20 లక్షలు, బ్యాంకు డిపాజిట్లలో 14 లక్షలు, 2017 నుంచి నెలనెలా కట్టిన ఈక్విటీ ఫండ్లలో 9 లక్షలు ఉన్నాయి. నార్వే తీరం వెంట ఓడలో వెళ్లి అర్ధరాత్రి సూర్యుణ్ని చూడాలని మా ఆవిడకు ఎన్నాళ్లుగానో కోరిక. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ వెళ్లి తిరిగి బెర్గెన్ చేరే 12 రోజుల యాత్రకు, విమాన ఛార్జీలతో కలిపి ఇద్దరికీ 13.5 లక్షలు అవుతుందని ఏజెంటు చెప్పాడు. 7.5 లక్షలు డిపాజిట్ల నుంచి తీస్తే, మిగతా 6 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణంగా ఇప్పిస్తానంటున్నాడు. ఈ వయసులో ఇంత ఖర్చు దేనికని మా అబ్బాయి అడ్డుపడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. వచ్చే వేసవిలోనే వెళ్లండి. అయితే ఒక్క రూపాయి కూడా అప్పు చేయకండి, ఖర్చును 7.5 లక్షలు దాటనివ్వకండి. ఈ రెండు షరతులకూ కట్టుబడితే మీ అబ్బాయి భయానికి కారణం ఉండదు, మీ ఆవిడ కోరికా తీరుతుంది.

ముందు అప్పు సంగతి. 14 శాతం వడ్డీకి 6 లక్షలు తీసుకుంటే నెలకు దాదాపు 20,500 రూపాయల చొప్పున 36 నెలలు కట్టాలి. వడ్డీయే 1.38 లక్షలు. మీ పింఛనులో మూడో వంతుకు పైగా ఈ కిస్తీకే పోతుంది. ఉద్యోగంలో ఉన్నవారికైతే జీతం పెరుగుతుంది, బోనసు వస్తుంది, అప్పు భారం క్రమంగా తేలికవుతుంది. మీకు ఆ వెసులుబాటు లేదు. ఈ మూడేళ్లలో ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరమైతే అప్పటికే ఒక కిస్తీ నడుస్తూ ఉంటుంది. చూసి వచ్చేసిన యాత్రకు 66 ఏళ్లు వచ్చేదాకా డబ్బు కట్టుకుంటూ కూర్చోవడం నాకు ఏమాత్రం నచ్చదు.

ఇక ఆ 13.5 లక్షలు. అందులో జీఎస్టీ, టీసీఎస్ కలిసి ఉన్నాయో లేదో ఏజెంటును కాగితం మీద రాసిమ్మనండి. చాలామంది చెప్పే ధరలో ఇవి ఉండవు. టూర్ ప్యాకేజీ మీద జీఎస్టీ 5 శాతం, అంటే 67,500 రూపాయలు. దీనికి తోడు విదేశీ యాత్రా ప్యాకేజీ కొన్నప్పుడు విక్రేత మన దగ్గర ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను, అంటే టీసీఎస్ ఉంటుంది. ఈ జవాబు రాస్తున్న 2025 నవంబరు నాటి నిబంధన ప్రకారం ఏడాదిలో మొదటి 10 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం. మీ 13.5 లక్షల మీద లెక్కిస్తే 50,000, ఇంకో 70,000, మొత్తం 1.2 లక్షలు. రెండూ కలిపితే ఏజెంటు చెప్పిన ధర మీద 1.87 లక్షలు అదనం. టీసీఎస్ తర్వాత తిరిగి వస్తుంది నిజమే, కానీ బయలుదేరే ముందు మాత్రం ఆ డబ్బు చేతిలో ఉండి తీరాలి.

మరి 7.5 లక్షల్లో నార్వే ఎలా సాధ్యం? ఈ ఓడల స్వభావం తెలిస్తే సాధ్యమే. బెర్గెన్, కిర్కెనెస్‌ల మధ్య నడిచేది విలాస నౌక కాదు. 1893లో రిచర్డ్ విత్ అనే కెప్టెన్ ట్రాండ్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కు టపా, సరుకులు, ప్రయాణికులతో మొదలుపెట్టిన రవాణా మార్గం అది. ఇప్పుడు హుర్టిగ్రూటెన్ సంస్థ ఓడలు ఏడు, హవీలా సంస్థ ఓడలు నాలుగు ఈ దారిలో తిరుగుతున్నాయి. దారిలో 34 రేవులు. మన ఆర్టీసీ బస్సులాగా ఒక రేవులో ఎక్కి ఇంకో రేవులో దిగిపోయే స్థానికులు అందులో ఉంటారు. కొన్ని రేవుల్లో ఓడ పావుగంటకు మించి ఆగదు, కొన్ని అర్ధరాత్రి వస్తాయి. కాబట్టి మొత్తం 12 రోజుల టికెట్టే కొనాలన్న నియమం లేదు. కావలసినంత దూరానికే కొనుక్కోవచ్చు.

మీకు కావలసింది ఉత్తరం వైపు వెళ్లే సగం. బెర్గెన్‌లో ఎక్కితే ఏడో రోజు కిర్కెనెస్‌లో దిగుతారు, ఆరు రాత్రులు. అక్కడి నుంచి ఓస్లోకు విమానంలో రెండు గంటలు. తిరుగు ప్రయాణంలో కూడా అందం ఉంది, పోయేటప్పుడు రాత్రిపూట దాటిన ఊళ్లు వచ్చేటప్పుడు పగలు కనిపిస్తాయి. అయినా మీ విషయంలో ఆ రెండో సగానికి అంత విలువ లేదనుకుంటున్నాను. కారణం హోనింగ్స్‌వోగ్ రేవు. నార్వే ఉత్తర కొసన సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన నార్త్ కేప్ కొండ అంచుకు వెళ్లేది అక్కడి నుంచే. ఉత్తరానికి వెళ్లే ఓడ ఆ రేవులో మధ్యాహ్నం వేళ మూడు గంటలకు పైగా ఆగుతుంది. దక్షిణానికి వచ్చే ఓడ తెల్లవారుజామున కాసేపు ఆగి వెళ్లిపోతుంది. ట్రాండ్‌హైమ్, ట్రోమ్సోలలో కూడా పోయేటప్పుడే పగటిపూట తీరిగ్గా తిరిగే సమయం దొరుకుతుంది.

నెల కూడా మార్చండి. జూన్, జులైలలో గిరాకీ ఎక్కువ. మే 20 తర్వాత బెర్గెన్ నుంచి బయలుదేరితే చాలు. నార్త్ కేప్ దగ్గర మే నడిమి నుంచి జులై చివరి దాకా సూర్యుడు అస్తమించడు, ట్రోమ్సోలో మే 20 ప్రాంతం నుంచి. కొండల మీద మంచు కూడా ఇంకా ఉంటుంది. వదులుకోవలసింది ఒకటి ఉంది. ప్రసిద్ధమైన గైరాంగర్ ఫియోర్డ్‌లోకి, అంటే కొండల మధ్యకు చొచ్చుకుపోయిన సముద్రపు పాయలోకి, ఈ ఓడలు వేసవి నెలల్లోనే వెళతాయి, మేలో వెళ్లవు. అలాగే మబ్బు పడితే అర్ధరాత్రి సూర్యుడు ఏ నెలలోనూ కనిపించడు. ఈ రెండు మాటలూ మీ ఆవిడతో ముందే చెప్పండి. ఆమెకు గైరాంగరే ముఖ్యమైతే జూన్‌కు వెళ్లి, గది విషయంలో ఇంకొంచెం సర్దుకోండి.

గది అంటే గుర్తొచ్చింది, కిటికీ లేని లోపలి గది తీసుకోండి. ఓడలో అన్నిటికంటే చవకైనవి అవే. తీరం చూడటానికి డెక్కు, పెద్ద అద్దాల హాలు అందరికీ తెరిచే ఉంటాయి. పైగా రాత్రంతా వెలుగు ఉండే చోట చీకటి గదిలోనే కాస్త నిద్ర పడుతుంది. ప్రతి రేవులోనూ ఓడవాళ్లు అమ్మే విహారాలన్నీ కొనకండి. నార్త్ కేప్ బస్సు యాత్ర ఒక్కటి చాలు, సముద్ర మట్టానికి 307 మీటర్ల ఎత్తున ఆ కొండ కొమ్మున నిలబడటానికి ఆ డబ్బు పెట్టవచ్చు. ఓలెసున్ ఊరు 1904లో కాలిపోయాక కొత్తగా కట్టుకున్నది, వీధుల్లో ఊరికే తిరిగినా కళ్లు నిండుతాయి. ట్రాండ్‌హైమ్‌లో నిదారోస్ చర్చికి రేవు నుంచి నడిచి వెళ్లవచ్చు.

భోజనం టికెట్టులో కలిసి ఉందో లేదో చూసుకోండి. శాకాహారులైతే టికెట్టు కొనేటప్పుడే చెప్పాలి. ఊరగాయ, పొడులు పట్టుకెళ్లండి కానీ నెయ్యి, పాలకోవా వద్దు. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం నార్వేలోకి తీసుకెళ్లనివ్వరు.

నా అంచనా ఇది. ఓడ, విమానాలు, జీఎస్టీ కలిపి ప్యాకేజీగా 5 లక్షలు, దాని మీద టీసీఎస్ 25,000. మిగిలిన 2.25 లక్షల్లో వీసా, బీమా, బెర్గెన్‌లోనూ ఓస్లోలోనూ హోటలు, చేతి ఖర్చు. ఈ 5 లక్షల్లో ఇమిడేలా గది, తేదీ ఎంచుకోవాలి. ఏజెంటు కుదరదంటే ఇంకొకరిని అడగండి, లేదా ఓడ టికెట్టు ఆ సంస్థ దగ్గర నేరుగా ఎంతవుతుందో చూసి పోల్చండి.

డబ్బు ఎక్కడి నుంచి తీయాలి? సీనియర్ సిటిజన్ స్కీము జోలికి వెళ్లకండి. 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 41,000 రూపాయలు ఇస్తున్నది అదే. రెండో ఏడాదిలో మూసేస్తే అసలులో 1.5 శాతం, అంటే 30,000 కోత. డిపాజిట్లలో ఈ చలికాలంలో గడువు తీరేది ఏదైనా ఉంటే అందులోంచి 3 లక్షలు తీయండి, గడువుకు ముందు మాత్రం ఏదీ విరగ్గొట్టకండి. మిగతా 11 లక్షలు మీ ఇద్దరి ఆరోగ్యానికి కాపుగా అక్కడే ఉండాలి.

తక్కిన 4.5 లక్షలు ఫండ్ల నుంచి రెండు విడతలుగా తీయండి. 2.5 లక్షలు మార్చి 31 లోపు, 2 లక్షలు ఏప్రిల్ 1 తర్వాత. ఏడాదికి పైగా ఉంచిన ఈక్విటీ ఫండ్ల మీద ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. రెండు ఆర్థిక సంవత్సరాల్లో తీస్తే ఆ మినహాయింపు రెండుసార్లు అక్కరకొస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడైనట్టు లెక్క. అంటే 2017 నాటివి మొదట పోతాయి, వాటి మీద లాభం ఎక్కువ. అమ్మే ముందు ఫండ్ సంస్థ నుంచి మూలధన లాభాల పట్టిక తెప్పించుకుని, లాభం 1.25 లక్షలు దాటుతుంటే ఆ విడత మొత్తాన్ని తగ్గించండి.

వీసా చేతికి రాకముందు ప్యాకేజీ మొత్తం కట్టేయకండి. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్ దేశమే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, వీసా రుసుం ఒక్కొక్కరికి 90 యూరోలు. జనవరిలో దరఖాస్తు పెట్టుకోండి, అప్పటిదాకా అడ్వాన్సు మాత్రమే, అదీ రద్దయితే ఎంత తిరిగొస్తుందో రాతపూర్వకంగా చూసుకుని కట్టండి. బ్యాంకు ఖాతాలో హఠాత్తుగా పెద్ద మొత్తం కనిపిస్తే వీసా అధికారులకు అనుమానం వస్తుంది కాబట్టి, డిపాజిట్ గడువు తీరిన రసీదు దరఖాస్తుకు జతచేయండి.

బీమా దగ్గర పొదుపు చేయవద్దు. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, మీ వయసుకు అంతకంటే ఎక్కువే తీసుకోండి. ఈ తీరపు ఓడల్లో వైద్యుడు ఉండరు, అవసరమైతే దగ్గరి రేవులో ఆసుపత్రికి చేరుస్తారు. రక్తపోటు, మధుమేహం ఏది ఉన్నా పాలసీ ఫారంలో దాచకుండా రాయండి. దాచినది క్లెయిము రోజున బయటపడితే ఒక్క యూరో కూడా రాదు.

నార్వేలో చెల్లేది క్రోన్, యూరో కాదు. అక్కడ టీ దుకాణంలో కూడా కార్డే వాడతారు. యూరోలు నింపిన ఫారెక్స్ కార్డు తీసుకెళితే ప్రతి ఖర్చు మీదా మార్పిడి రుసుం పడుతుంది, క్రోన్లు నింపే కార్డు మీ బ్యాంకులో ఉందేమో అడగండి. కార్డు యంత్రం రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దని క్రోన్లే నొక్కండి.

వీసా వచ్చాక ప్యాకేజీ డబ్బు మార్చి 31 లోపే కట్టేయండి, దానికి కారణం ఉంది. మార్చిలో కట్టిన టీసీఎస్‌ను 2026 జులైలో వేసే ఆదాయపన్ను రిటర్నులోనే వెనక్కి అడగవచ్చు, ఏప్రిల్‌లో కడితే మరో ఏడాది ఆగాలి. మీ పింఛను, వడ్డీలు కలిపినా ఏడాదికి 10 లక్షల లోపే. కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి ఆ 25,000 పూర్తిగా వెనక్కి వస్తుంది. బిల్లు మీ పేరున, మీ పాన్ నంబరుతోనే ఉండాలి. యాత్ర నుంచి వచ్చాక జులై 31 లోపు రిటర్ను వేయడం మరచిపోకండి, పన్ను లేదు కదా అని వేయనివారికి ఆ డబ్బు రాదు.